పదవ తరగతి గణితము: ఒక యేటి ప్రణాళిక

జూన్ నెల రెండవ వారములో పాఠశాలలు తెరచునప్పుడు పదవ తరగతి గదిలో అడుగుపెట్టు లెక్కల ఉపాధ్యాయుని చేతిలో రెండు వస్తువులుండును. ఒకటి పాఠ్యపుస్తకము, రెండవది హాజరు పట్టీ. మొదటి దానిలో ఏమున్నదో ఆయనకు కంఠోపాఠము. రెండవ దానిలోని నలుబది పేర్లలో ఎవరికి ఎంత వచ్చునో, ఎవరికి ఏది రాదో ఆయనకింకను తెలియదు. ఏడాది ప్రణాళిక అనగా ఈ రెంటిని జతపరచుటయే. సాధారణముగా మనము పుస్తకమునకు ప్రణాళిక వేయుదుము. పట్టీలోని పేర్లకు వేయము. ఈ ప్రసంగములో నేను చెప్పదలచినదంతయు ఈ ఒక్క మాటకు వివరణమే.

ఇది ఉపాధ్యాయుల సంగతి, మాకేమి పని అని శ్రోతలు భావింపవద్దు. పదునైదేండ్ల వయస్సులో మన పిల్లలు తమ జీవితమునకు సంబంధించిన ఒక తీర్పు తామే చెప్పుకొందురు. "నాకు లెక్కలు రావు" అనునది ఆ తీర్పు. ఇంటర్మీడియట్‌లో ఏ గ్రూపు తీసుకొనవలెను, ఏ దారిన పోవలెను అనునది ఆ ఒక్క వాక్యము మీద ఆధారపడును. ఆ తీర్పునకు పైకోర్టు లేదు. ఆడపిల్ల విషయములో ఇంటివారు సైతము దానిని తొందరగా ఒప్పుకొందురు. చాల సందర్భములలో రానిది లెక్క కాదు. ఏడవ తరగతిలోనో ఎనిమిదవ తరగతిలోనో జారిపోయిన ఒక చిన్న మెట్టు. ఆ మెట్టును వెదకి సరిచేయుటకు మిగిలిన కడపటి సంవత్సరము ఇదియే.

మొట్టమొదట మనకెంత కాలమున్నదో లెక్కింతము. రేడియోలో పనిచేయువారికి కాలమును నిమిషములతో కొలుచుట అలవాటు. ఉపాధ్యాయునకు అదియే కొలత పనికివచ్చును. జూన్ నడుమ నుండి ఫిబ్రవరి చివరి వరకు, ఆదివారములు, దసరా సంక్రాంతి సెలవులు తీసివేయగా, ఇంచుమించు 190 పనిదినములుండుననుకొందము. వానిలో పరీక్షలు, ఆటల పోటీలు, ఉత్సవములు, వానలకు బడి మూసిన రోజులు, ఉపాధ్యాయునకు ఇతర విధులు పడిన రోజులు కలిపి 30 పోవును. మిగిలినవి 160. దినమునకొక పీరియడు, పీరియడునకు 45 నిమిషములు. వెరసి 7,200 నిమిషములు, అనగా 120 గంటలు. 120 గంటలనగా సరిగా అయిదు అహోరాత్రములు! ఏడాది పొడుగునను చెప్పు గణితమంతయు అయిదు పగళ్ళు, అయిదు రాత్రులలో ఇమిడిపోవునని తెలిసికొన్న ఉపాధ్యాయుడు ఒక్క పీరియడునైనను వృథాగా పోనీయడు.

ఇప్పుడీ 160 పీరియడ్లను పంచుకొందము. 2014 లో వెలువడిన పదవ తరగతి గణిత పాఠ్యపుస్తకమును ఉదాహరణముగా తీసికొందము. అందులో 14 అధ్యాయములు. వాస్తవ సంఖ్యలతో మొదలై, సమితులు, బహుపదులు, సమీకరణములు, శ్రేఢులు, రేఖాగణితము, క్షేత్రమితి, త్రికోణమితి మీదుగా సంభావ్యత, సాంఖ్యక శాస్త్రములతో ముగియును. 160 ని 14 చేత భాగించి, అధ్యాయమునకు పదునొకండు చొప్పున పంచిపెట్టుట సులభము. కాని అది ప్రణాళిక కాదు, భాగహారము మాత్రమే. నా పంపకమిట్లుండును: మొదటి 12 పీరియడ్లు పునాది మరమ్మతునకు, 104 పీరియడ్లు అధ్యాయములకు, 20 వారాంతపు కలగలుపు లెక్కలకు, కడపటి 24 పునశ్చరణకు. అధ్యాయములలోను అన్నిటికి సమభాగము కూడదు. సరూప త్రిభుజములకు 12, వర్గసమీకరణములకు 9, త్రికోణమితికి 9 కావలెను. సంభావ్యతకు 5 చాలును.

పాఠములెన్నో ఉండగా మొదటి 12 పీరియడ్లు పాత విషయములకు ఎందుకు అని ప్రశ్నింపవచ్చును. కారణము చెప్పెదను. తెరచిన మొదటి వారములోనే మార్కులు లేని ఒక చిన్న పరీక్ష పెట్టవలెను. పది ప్రశ్నలు చాలును: భిన్నములు, ఋణ సంఖ్యలు, దశాంశములు, నిష్పత్తి, చిన్న సమీకరణములు. మూడింట రెండు, నాలుగింట ఒకటి కలిపిన ఎంత? పై అంకెలను పైన, క్రింది అంకెలను క్రింద కూడి, ఏడింట మూడు అని వ్రాయువారు ప్రతి తరగతిలోను కొందరుందురు. వారిని కోపించిన ప్రయోజనము లేదు. "మూడింట రెండనగా సగముకంటె ఎక్కువ గదా, దానికి మరికొంత కలుపగా సగముకంటె తక్కువ ఎట్లయ్యెను?" అని అడుగవలెను. పిల్లవాడు తన జవాబును తానే అనుమానించిన క్షణమునే పాఠము మొదలగును. అసలు జవాబు, పన్నెండింట పదునొకండు, తరువాత చెప్పవచ్చును.

మరియొక ఉదాహరణము. రెండు సంఖ్యలను కూడి వర్గము చేసినను, విడివిడిగా వర్గములు చేసి కూడినను ఒకటే అని తలచువారు చాలమంది. 3, 4 తీసికొనుడు. కూడి వర్గము చేసిన 49. విడివిడిగా చేసిన 9, 16 కలిసి 25. నడుమ 24 ఎక్కడికి పోయెను? ఏడడుగుల చదరమును నల్లబల్ల మీద గీసి, ప్రతి భుజమును మూడు, నాలుగుగా విభజించి అడ్డగీత, నిలువుగీత గీసినచో, రెండు చదరముల ప్రక్కన పన్నెండేసి చదరపు అడుగుల రెండు దీర్ఘచతురస్రములు కనబడును. పోయిన 24 అక్కడ నున్నది. ఈ బొమ్మ జూన్‌లో మనసున నిలిచిన పిల్లకు, తరువాత వర్గసమీకరణమును వర్గము పూర్తిచేసి సాధించు పద్ధతి కొత్తగా తోచదు. పునాదికి వెచ్చించిన పీరియడు ఈ రీతిగా వడ్డీతో తిరిగి వచ్చును.

ఇక అధ్యాయముల వరుస. పుస్తకములోని వరుస అచ్చు సౌకర్యమునకు ఒక వరుస. అవగాహనకు మరియొకటి ఉండవచ్చును. నేను చెప్పిన పుస్తకములో నిరూపక రేఖాగణితము ఏడవ అధ్యాయము, సరూప త్రిభుజములు ఎనిమిదవ అధ్యాయము. కాని రెండు బిందువుల నడుమ దూరమును కనుగొను సూత్రము లంబకోణ త్రిభుజపు భుజముల సంబంధము మీద నిలిచినది. రేఖాఖండమును ఇచ్చిన నిష్పత్తిలో విభజించు సూత్రము సరూప త్రిభుజముల మీద నిలిచినది. సరూపకత్వము తెలియని పిల్లవాడు ఆ సూత్రమును బట్టీపట్టుటకంటె వేరేమి చేయగలడు? త్రికోణమితి సంగతియు అంతే. త్రిభుజము చిన్నదైనను పెద్దదైనను కోణము మారనంతవరకు భుజముల నిష్పత్తి మారదను సత్యమే సైన్, కొసైన్, టాంజెంటులకు ప్రాణము. అది సరూపకత్వమే. నెలవారీ పాఠ్యక్రమము పైనుండి వచ్చును, పరీక్షలు దాని ననుసరించియే జరుగును. అధ్యాయములను తారుమారు చేయుట ఉపాధ్యాయుని చేతిలో లేకపోవచ్చును. అప్పుడు చేయదగిన పని ఒకటి కలదు. నిరూపక రేఖాగణితమునకు ముందు రెండు పీరియడ్లలో సరూప త్రిభుజముల ముఖ్యభావమును పరిచయము చేయుట. తలుపు ముందుగా కొంచెము తెరచి ఉంచినచో లోపలికి పోవుట సులభము.

ఆ పరిచయమునకు బల్ల, సుద్ద కూడ అక్కరలేదు. పిల్లలను ఆవరణలోనికి తీసికొనిపోయి ఒక మీటరు కర్రను నిలువుగా పాతించుడు. దాని నీడ 80 సెంటీమీటర్లున్న వేళ కొబ్బరిచెట్టు నీడ 9.6 మీటర్లున్నచో చెట్టు ఎత్తెంత? 9.6 లో 0.8 పన్నెండు మారులు పోవును. చెట్టు 12 మీటర్లు. చెట్టు ఎక్కకుండ చెట్టును కొలిచిన ఆ అనుభవము మరచిపోవునది కాదు. డిసెంబరులో ఉన్నతి కోణముల లెక్కలు వచ్చినప్పుడు ఆ చెట్టునే తిరిగి చూపవచ్చును.

సంభావ్యత, సాంఖ్యక శాస్త్రము పుస్తకము చివరనుండుటచే ప్రతి ఏటను తొందరలో పడి నలిగిపోవును. నిజమునకు అవి అలసిన తరగతికి విశ్రాంతి వంటివి. వీలున్నచోట రెండు కఠినమైన అధ్యాయముల నడుమ వానిని ఉంచుట మేలు. సగటు, మధ్యగతము, బాహుళకము చెప్పునప్పుడు దసరా సెలవులలో పిల్లల చేత ఏదో ఒక లెక్క సేకరింపజేయవచ్చును. వీధిలోని ఇండ్ల నీటి వాడుకయో, ఇంటిలోని నెల ఖర్చో కావచ్చును. ఆంధ్ర విశ్వవిద్యాలయములో గణితము చదివి, సాంఖ్యక శాస్త్రములో ప్రపంచఖ్యాతి గడించి, 2023 లో నూటమూడవ యేట అస్తమించిన సి. ఆర్. రావు గారి పేరు ఆ సందర్భమున చెప్పుట ఉచితము. ఈ శాస్త్రమునకు మన తెలుగువారు ఏమి ఇచ్చిరో పిల్లలు తెలిసికొందురు.

ఇప్పుడు వారాంతపు 20 పీరియడ్ల మాట. 1885 లో జర్మనీ దేశపు మనస్తత్త్వ శాస్త్రజ్ఞుడు హెర్మన్ ఎబింగ్‌హాస్, మానవుడు నేర్చినది ఎంత వేగముగా మరచునో తనమీద తానే పరీక్షించి ప్రకటించెను. అర్థము లేని అక్షరముల మూటలను కంఠస్థము చేసి, కొంత కాలమునకు ఎంత మిగిలినదో కొలిచెను. మరపు మొదట వేగముగా, తరువాత మెల్లగా సాగునని తేలెను. ఒకేసారి పదిమారులు వల్లించుటకంటె ఎడమిచ్చి వల్లించినది ఎక్కువ నిలుచుననియు తేలెను. జులైలో చెప్పిన సమీకరణములను జనవరి వరకు తాకకుండ వదలి, జనవరిలో తిరిగి మొదటినుండి చెప్పు మన పద్ధతి ఈ సత్యమునకు ఎదురీతయే.

అందుచే ప్రతి శనివారము ఆరు లెక్కలు: రెండు ఆ వారములోనివి, రెండు గడచిన నెలలోనివి, రెండు అంతకు ముందువి. ఏది ఏ అధ్యాయములోనిదో చెప్పరాదు. అభ్యాసములో పైన శీర్షికయే పద్ధతిని చెప్పివేయును; పరీక్షలో శీర్షిక ఉండదు, జీవితములో అసలే ఉండదు. ఒక దీర్ఘచతురస్రాకారపు పొలము పొడవు వెడల్పుకంటె 5 మీటర్లు ఎక్కువ. చుట్టుకొలత 70 మీటర్లు అన్నచో రేఖీయ సమీకరణములు చాలును. అదే పొలమునకు వైశాల్యము 300 చదరపు మీటర్లు అన్నచో వర్గసమీకరణము కావలెను. రెంటికిని జవాబు ఒకటే: వెడల్పు 15, పొడవు 20. పొలము మారలేదు, మాట ఒకటి మారినది. ఆ మాటను గుర్తించుటయే గణిత విద్య.

గుర్తించుట నేర్పు పద్ధతిని 1945 లో జార్జ్ పోల్యా అను గణితజ్ఞుడు నాలుగు మెట్లుగా చెప్పెను: సమస్యను అర్థము చేసికొనుట, ఉపాయము ఆలోచించుట, దానిని అమలుపరచుట, వెనుదిరిగి చూచుట. హంగరీలో పుట్టిన ఈ పోల్యా మన రామానుజన్ కంటె తొమ్మిది దినములు మాత్రమే పెద్దవాడు. ఇరువురును 1887 డిసెంబరులో జన్మించిరి. మన తరగతులలో మూడవ మెట్టు మాత్రమే బాగుగా నడచుచున్నది. ఉపాధ్యాయుడు బల్లమీద సాధించును, పిల్లలు ఎక్కించుకొందురు. మొదటి మెట్టున ఆగి, "ఏమి ఇచ్చిరి? ఏమి అడిగిరి?" అని పిల్లలచేత పలికించుట, చివర "ఈ జవాబు పొసగునా?" అని అడుగుట అలవాటైనచో సగము తప్పులు తమంత తామే తొలగును.

ఆ పలికించుట ఏ భాషలో? నేడు ఎన్నో పాఠశాలలలో బోధన ఇంగ్లీషులో జరుగుచున్నది. వ్రాత ఇంగ్లీషులో ఉండనీయుడు. ఆలోచన పిల్ల ఇంటిలో మాటలాడు భాషలో సాగినను దోషము లేదు. రెండు భాషల పుటలు ప్రక్కప్రక్కన అచ్చయిన పాఠ్యపుస్తకములు వచ్చినవి, వానిని వాడుకొనవలెను. పదునొకండవ శతాబ్దముననే పావులూరి మల్లన, మహావీరాచార్యుని గణితసార సంగ్రహమును తెలుగు చేసెను. లెక్కను తెలుగులో ఆలోచించుట మనకు కొత్త విద్య కాదు.

నలుబది మంది నోటుపుస్తకములు దిద్దుటకు తీరిక ఎక్కడిది అని ఉపాధ్యాయులందురు. అది న్యాయమైన మాటయే. పుస్తకమునకు 2 నిమిషములైనను 80 నిమిషములగును. కాని దినమునకు ఎనిమిది పుస్తకములు చాలును. 16 నిమిషముల పని. సోమవారము నుండి శుక్రవారమునకు నలుబదియు పూర్తియగును. తప్పులన్నిటిని దిద్దనక్కరలేదు. తప్పు మొదలైన పంక్తి క్రింద ఒక గీత చాలును. మిగిలినది పిల్లవాడే వెదకికొనవలెను.

ఇక జనవరి. ఈ ప్రణాళిక ప్రకారము సంక్రాంతి నాటికి పాఠములు ముగియును. పండుగ పూటకూడ గణితము మన వాకిటనే ఉండును. నడుమ వరుసలో 9 చుక్కలు, ఇరుప్రక్కల రెండేసి తగ్గుచు ఒకటి వరకు పెట్టు ముగ్గునకు మొత్తము ఎన్ని చుక్కలు? ఒక ప్రక్క 7, 5, 3, 1 కలిసి 16, రెండవ ప్రక్క మరి 16, నడుమ 9, వెరసి 41. ముగ్గు పెట్టు తల్లికి ఈ లెక్క చేతివేళ్ళ మీద ఉండును. దానిని అంకశ్రేఢి అందురని మాత్రము ఆమెకు ఎవరును చెప్పలేదు. కూతురు చెప్పవచ్చును.

పండుగ తరువాత 24 పునశ్చరణ పీరియడ్లు. ఇక్కడ ఒక చిక్కు ప్రశ్న. వెనుకబడిన పిల్లలను వేరుచేసి, తప్పక వచ్చునని తోచిన కొన్ని ప్రశ్నలను బట్టీ పట్టించుట న్యాయమా? నూటికి 35 రానిచో పదవ తరగతి గట్టెక్కని పిల్లవానికి, ఆ పిమ్మట పని వెదకికొనవలసిన పేదయింటి బాలునకు, ఆ 35 మార్కులు చిన్న విషయము కాదు. ఫిబ్రవరిలో ఆ బాలునకు తనకు వచ్చిన నాలుగైదు అధ్యాయములు గట్టిచేయించు ఉపాధ్యాయుని నేను తప్పుపట్టను. ఆ వేరుచేయుట జులైలోనే జరిగినచో మాత్రము అది అన్యాయము. జులైలో "వీనికి ఇంతే" అని విడిచిన పిల్లవాడు, మిగిలిన ఏడాదియంతయు తరగతిలో కూర్చుండియు తరగతికి వెలుపలనే ఉండును. అతని వంతు గంటలు అతనికి తెలియకుండ తీసివేసినట్లగును.

కడపట తలిదండ్రులకు ఒక మనవి. సాయంత్రము బడినుండి వచ్చిన పిల్లను "ఎన్ని మార్కులు వచ్చినవి?" అని అడుగుట మానుడు. "ఈ దినమున ఏ లెక్కలో ఆగిపోయితివి? ఎక్కడివరకు వచ్చినది?" అని అడుగుడు. మీకు లెక్క రాకపోయినను ఈ ప్రశ్నకు అడ్డములేదు. వచ్చినంతవరకు పిల్ల మీకు వివరించునప్పుడు, చాలమారులు తాను ఆగిన చోటును తానే కనిపెట్టును. లెక్కలు రావని పిల్ల అన్నప్పుడు, "మా వంశములో ఎవరికిని రావులే" అని ఓదార్చుట వాత్సల్యమువలె కనబడును. కాని అది తలుపు మూయుట. ఏ మెట్టుమీద ఆగినదో ఉపాధ్యాయుని అడిగి తెలిసికొనుడు. ప్రణాళిక వేసికొన్న ఉపాధ్యాయుడు ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలడు. వేసికొననివాడు ఆ ప్రశ్న వలన వేసికొనును.

120 గంటలు నలుబది మందికిని సమముగా ఇచ్చిన గడువు. అది వెనుక బల్లమీది పిల్లవాని వరకు చేరినదా లేదా అని చూచుకొనుటయే లెక్కల మాస్టారికి ఏడాది చివర మిగులు అసలైన సరిచూపు.